కెలికినవాడే ముద్దాయి

ఐపీసీ తీసేసి భారతీయ న్యాయ సంహిత తెచ్చారు, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది, 358 సెక్షన్లు, అన్నీ రాశారు గానీ మన తెలుగిళ్లల్లో రోజూ విచారణకొచ్చే అసలు నేరాన్ని మాత్రం మర్చిపోయారు. కెలకడం. "బానే పనిచేస్తున్నదాన్ని ఎందుకు కెలికావ్రా?" అన్న ప్రశ్న ఒకసారి పడిందంటే ఇక జవాబు లేదు, బెయిలు అంతకన్నా లేదు.

నా కేసే తీసుకోండి. మా ఇంట్లో కంప్యూటర్‌కి 8 జీబీ ర్యామ్, అదే మెమరీ, డీడీఆర్4 రకం. నాన్న ఈపేపర్ తెరిచి, వెళ్లి స్నానం చేసొస్తే అప్పటికి మొదటి పేజీ వచ్చుండేది. దీన్నే ఆయన బానే పనిచేయడం అంటారు. నేను సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే సీటీసీకి వెళ్లి ఇంకో 8 జీబీ ర్యామ్ స్టిక్ తెచ్చాను, అక్కడితో ఆగినా బావుండేది, మదర్‌బోర్డ్ మాన్యువల్ చదివాను. రెండు స్టిక్కులుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెట్టమని ఉంది అందులో, మాది మొదటి స్లాట్‌లో ఉండేది, సరే కదా అని హాయిగా ఉన్న పాతదాన్ని కూడా పీకాను. చదువుకుంటే వచ్చే నష్టాలు ఇలాగే ఉంటాయి.

స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, మానిటర్ మీద నో సిగ్నల్. ఇదివరకైతే బీప్ బీప్ మని అరిచి రోగమేంటో చెప్పేది, ఇప్పుడు చాలా క్యాబినెట్లలో ఆ బుల్లి స్పీకరే రావట్లేదు, అంటే బాధితుడి వాంగ్మూలం కూడా లేకుండా కేసు నడపాలన్నమాట. నలభై సెకన్లకే నాన్న ఛార్జిషీట్ వేసేశారు. అదే దీని తర్వాతి రకం డీడీఆర్5 అయ్యుంటే మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీ ట్రైనింగ్ అని, అంటే బోర్డు కొత్త ర్యామ్‌తో సర్దుకోవడానికి, కొన్ని నిమిషాలు నల్లతెరే ఉంటుంది, ఏ తప్పూ లేకుండానే యావజ్జీవం పడేది నాకు. కాబట్టి కెలుకుడు చట్టం వచ్చినప్పుడు పది నిమిషాల దాకా ఎవరూ నోరెత్తకూడదని ఒక సెక్షన్ పెట్టాలి.

బెంగళూరు నుంచి బావమరిది వీడియో కాల్‌లో సాక్ష్యం చెప్పాడు, "పాత రకం డీడీఆర్3 కొనుంటావ్ బావా" అని. ఒరేయ్, దానికి 240 పిన్నులు, దీనికి 288, మధ్యలో గాటు కూడా వేరే చోట ఉంటుంది, అసలు దిగనే దిగదు అంటే వినడే. అమ్మ మాత్రం శనివారం పూట ఇనుము కొన్నావంది. ఇనుము కాదమ్మా, ఆ అంచు మీద ఉండేది బంగారు పూత అన్నాను. "ఎన్ని గ్రాములు?" అంది.

తర్వాత బోర్డు మీదుండే కాయిన్ సెల్, అదే సీఆర్2032 బ్యాటరీ, పీకి ఐదు నిమిషాలాగి పెట్టాను, బయాస్, అంటే బోర్డు సెట్టింగులు, మొదటికొస్తే తెర వెలుగుతుందని. తెర వెలగలేదు. "ఇప్పుడు టైమ్ కూడా పోగొట్టాడు" అని అదనపు అభియోగం.

ఇక మిగిలింది రబ్బరు. మేనల్లుడి కంపాస్ బాక్సులోంచి నటరాజ్ రబ్బరు తెచ్చి, ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి చూస్తుంటే, ఆ బంగారు పిన్నులు మెల్లగా రుద్ది, పొడి ఊది మళ్లీ పెట్టాను. అప్పటికి నాలో భయం పోయి కోపం మిగిలింది, గట్టిగా నొక్కాను. టక్ మంది. మా బోర్డుకి ఒకవైపే క్లిప్పు, పొద్దున అటువైపు క్లిప్పు పడగానే అయిపోయిందనుకున్నాను, రెండోవైపు వెంట్రుకవాసి పైకే ఉండిపోయింది. ఇప్పుడు 16 జీబీ చూపించింది.

ఇంట్లో అందరూ రబ్బరు మహిమ అన్నారు. నేను నోరు మెదపలేదు. రబ్బరు వల్ల బాగైందంటే తప్పు దుమ్ముది, నొక్కితే బాగైందంటే తప్పు నాది, ఏ లాయరైనా నాకిదే సలహా ఇస్తాడు. ఐదు రూపాయల రబ్బరు నన్ను సంశయ లాభం కింద విడిపించింది.

సాయంత్రం నాన్న ఈపేపర్ తెరిచారు, క్షణంలో వచ్చింది. కాసేపు చూసి, "అక్షరాలు మసగ్గా ఉన్నాయేంట్రా, నువ్వు కెలికినప్పటి నుంచే" అన్నారు. ఆయన కళ్లజోడు మార్చి ఆరేళ్లయింది. ఆ మాట నేను అనలేదు, అంటే అదీ నేనే కెలికానంటారు.