పులుసు తప్ప అన్నీ వదిలేశాను

వైరాగ్యం మూడు రకాలని మన పెద్దలు ఏనాడో తేల్చేశారు. పురాణం విని లేచేటప్పుడు కలిగేది పురాణ వైరాగ్యం, పురిటి నొప్పుల్లో కలిగేది ప్రసూతి వైరాగ్యం, కాటి నుంచి తిరిగి వస్తుంటే కలిగేది శ్మశాన వైరాగ్యం. మూడింటికీ ఆయుష్షు ఇంటి గుమ్మం దాకానే. ఈ జాబితా వేసినవారు ఎంత విజ్ఞులైనా కార్తీక మాసంలో ఒక్కసారి కూడా నెల్లూరు వచ్చి ఉండరు. వచ్చి ఉంటే నాలుగోదాన్ని విడిచిపెట్టేవారు కాదు. పేరు పెట్టే భారం నా మీద పడింది కనుక పెడుతున్నాను: పులుసు వైరాగ్యం. పై మూడింటికన్నా ఇది చాలా గట్టిది. ఏకధాటిగా ముప్పై రోజులు నిలుస్తుంది.

పులుసు అంటే ఇక్కడ చేపల పులుసే. మరే పులుసైనా దానికి ముందు కూరగాయ పేరు చేర్చి చెప్పుకోవలసిందే. మట్టి దాకలో చిక్కటి చింతపండు రసం మరుగుతుండగా కొర్రమీను ముక్కలు వేస్తారు. వేశాక గరిటె పెట్టకూడదు, ముక్క విరుగుతుంది. దాకను రెండు చేతులా గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పాలి. మామిడికాయల కాలమైతే నాలుగు పుల్లటి ముక్కలు పడతాయి. ఇంతా చేసి ఆ పూటే తినేవాడు తొందరపాటు మనిషి. రాత్రి వండింది పొద్దున తినాలి. ఇంద్రియ నిగ్రహం గురించి ఉపనిషత్తులు మాకు చెప్పబోయేసరికే ఆ పాఠం మాకు పులుసు దగ్గర అయిపోయింది. ఎదురుగా దాక, కింద ఆరిన పొయ్యి, మధ్యలో రాత్రంతా మనిషి. ఇంతకన్నా తపస్సు ఏముంటుంది?

భగవద్గీత 2వ అధ్యాయం 59వ శ్లోకాన్ని మా ఊళ్లో చదివినంత లోతుగా మరెక్కడా చదివి ఉండరని నా నమ్మకం. ఆహారం మానేసినవాడి నుంచి విషయాలు తొలగిపోతాయి అంటాడు కృష్ణుడు. అంటూనే చిన్న మెలిక పెట్టాడు: రసవర్జం. అంటే రసం తప్ప. వస్తువు పోతుంది, దాని మీది రుచి మాత్రం పోదు. శంకరులు తమ భాష్యంలో ఇక్కడ రసం అంటే రాగమని, విషయాల మీది మమకారమని అర్థం చెప్పారు. మహానుభావులు, కాలడిలో పుట్టారు. పెన్నా ఒడ్డున పుట్టి ఉంటే రసానికి అంత దూరపు అర్థం వెతకవలసిన పని ఉండేది కాదు. ఇక శ్లోకం రెండో సగం. పరతత్త్వాన్ని చూసినవాడికి ఆ రసం కూడా నశిస్తుందట. ఆ సగాన్ని మేము భక్తితో చదివి, గౌరవంతో పక్కన పెట్టాం.

కిందటి కార్తీకంలో ఈ సిద్ధాంతాన్ని నా మీద నేనే పరీక్షించుకున్నాను. మొదటి వారం నిశ్చింతగా గడిచింది. రెండో వారంలో మా ఇంట్లో వంకాయ పులుసు వచ్చింది. వంకాయ పేరుకే. అదే దాక, అవే మెంతులు, అదే కారం. గరిటె పెట్టకుండా తిప్పడం కూడా అలాగే. వంకాయ ముక్క విరిగితే వచ్చే నష్టమేమిటని మా ఆవిడను అడిగితే, "అలవాటండీ" అంది. నేనూ కలుపుకున్నాను. రెండో ముద్ద దగ్గర నా బొటనవేలూ చూపుడువేలూ నా ప్రమేయం లేకుండానే వంకాయ ముక్కను మెల్లగా విప్పి, లోపల ముల్లు కోసం వెతకసాగాయి. చెయ్యి అలాగే ఆగిపోయింది. కర్మేంద్రియాలను బిగబట్టి మనసులో విషయాలను తలుచుకుంటూ కూర్చునేవాణ్ణి గీత 3వ అధ్యాయంలో మిథ్యాచారి అన్నారు. నా విషయంలో మనసు పాపం ఊరికే ఉంది. తలుచుకున్నవి వేళ్లు.

నేను ఒంటరివాణ్ణి కాను. ఈ నెలలో హోటళ్లలో పనసకాయ బిర్యానీకి ఎంత గిరాకీ ఉంటుందో చూడండి. మీల్ మేకర్ ముక్కను ఎంత నమిలితే మాంసమవుతుందోనని నమిలేవారిని గమనించండి. ఉసిరి చెట్టు కింద వనభోజనాలకు వెళ్లి, మూడోసారి పూర్ణాలు వేయించుకుని, తేనుస్తూ దేహం అశాశ్వతమని చెప్పినవారు నాకు బాగా తెలుసు. అశాశ్వతమే మరి, ఆ వేగంతో తింటే.

సోమవారం ఉపవాసాల సంగతి వేరు. నక్షత్రం కనబడే దాకా ముద్ద ముట్టకూడదు. సాయంత్రం నాలుగింటి నుంచే డాబాల మీద ఖగోళ పరిశోధన మొదలవుతుంది. ఐదున్నరకు విమానం దీపం కనబడినా మా వీధిలో దాన్ని నక్షత్రంగా గుర్తించేవారు ఉన్నారు. కఠోపనిషత్తులో నచికేతుడు కూడా యముడి ఇంట మూడు రాత్రులు తిండి లేకుండా ఉన్నాడు. అందుకు యముడు మూడు వరాలిచ్చాడు. మూడో వరంగా, చచ్చాక మనిషి ఉంటాడా లేడా చెప్పమన్నాడు కుర్రవాడు. యముడు బేరం పెట్టాడు: నూరేళ్లు బతికే కొడుకులు, మనవలు, పశువులు, ఏనుగులు, బంగారం, గుర్రాలు, విశాలమైన భూమి తీసుకో, ఆ ప్రశ్న మాత్రం వదిలెయ్యి. ధనంతో మనిషికి తృప్తి కలగదని చెప్పి నచికేతుడు వద్దన్నాడు. ఆ బేరం మా వీధిలో పెట్టి ఉంటే, భూమి అన్న మాట దగ్గరే యముణ్ణి ఆపి, "హైవేకు ఎంత దూరం స్వామీ? రిజిస్ట్రేషన్ ఎప్పుడు?" అని అడిగేవాళ్లం. కఠోపనిషత్తు అక్కడితో ముగిసి ఉండేది.

కోరికను దాచకుండా కోరే చోటు మా ఊళ్లోనే ఒకటుంది. మొహర్రంలో బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగలో, స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి హిందువులూ ముస్లిములూ పక్కపక్కనే ఎవరికి కావలసింది వారు పైకే చెప్పుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఇల్లు రొట్టె, వీసా రొట్టె. కోరిక ఉన్నవారు రొట్టె తీసుకుంటారు, తీరాక మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇస్తారు. ధనం కోరి తన దగ్గరికి వచ్చేవాణ్ణి కూడా కృష్ణుడు 7వ అధ్యాయంలో భక్తుల నలుగురిలో ఒకడిగా లెక్కవేసి, అందరూ ఉదారులేనన్నాడు. వీసా రొట్టె తీసుకున్న కుర్రవాడికి ఆ లెక్కలో చోటుంది. వంకాయలో ముల్లు వెతికినవాడికి ఉన్నట్టు నాకు ఎక్కడా కనబడలేదు.

కార్తీక పౌర్ణమికి మైపాడు వెళ్లి సముద్ర స్నానం చేశాను. మూడు మునకలు. రెండో మునకకూ మూడో మునకకూ మధ్య ఒడ్డుకు లాగిన పడవల వైపు చూపు పోయింది. ఇంతకన్నా వివరాలు ఇవ్వదలచుకోలేదు.

ఇక ముప్పై ఒకటో రోజు, పోలి పాడ్యమి. ఏ ఆడంబరమూ లేక, కవ్వానికి అంటిన వెన్నతో దీపం వెలిగించిన పోలి బొందితో స్వర్గానికి వెళ్తుంటే, నిష్ఠ అంతా తమదేననుకున్న అత్తా తోడికోడళ్లూ ఆమె కాళ్లు పట్టుకుని వేలాడబోయారని కథ. చీకటితోనే రంగనాథస్వామి గుడి దగ్గర పెన్నాలో అరటి దొప్పలో దీపాలు వదిలాం. అందరి దీపాలూ తిన్నగా వెళ్లాయి. నాది ఒడ్డుకే తిరిగి వచ్చింది. చేత్తో నీళ్లు తోసి సాగనంపాను. మా ఆవిడను ఇంటి దగ్గర దించి, పాలకని చెప్పి స్కూటర్ తిప్పాను.

చేపల మార్కెట్‌లో అప్పటికే నిలబడే చోటు లేదు. నిన్నటి దాకా కార్తీక పురాణం వినడానికి వచ్చినవారిలో సగం మంది అక్కడే ఉన్నారు. ఒకరినొకరు చూసుకోకుండా, చేపలను మాత్రమే చూస్తున్నాం.

"ఏమన్నా, నెల రోజులుగా కనిపించలేదు. ఒంట్లో బాగాలేదా?" అంది నేను ఎప్పుడూ కొనే ఆమె.

"కార్తీక మాసం కదమ్మా, నియమం" అన్నాను, వీలైనంత గంభీరంగా.

"మేమూ ఉపవాసమేలే అన్నా, బేరాలు లేక" అంటూ తొట్టిలో చెయ్యి పెట్టి కొర్రమీనును పట్టింది. అది జారింది. పక్కనున్న డబ్బా లోంచి గుప్పెడు బూడిద తీసి, జిగురు పోయేలా తల నుంచి తోక దాకా పట్టించింది. తర్వాత తలెత్తి నా నుదుటి మీది విభూతి వైపు చూసింది.

"నీకు పొద్దున్నే ఎవరో పట్టించినట్టున్నారే అన్నా."