అడుగున ఉన్న ముద్రను చదవండి

విదేశయాత్రలో కొన్న పాత వస్తువును గాజు అలమారలో భద్రంగా పెట్టి, దాని వివరాన్ని మాత్రం జ్ఞాపకశక్తికి వదిలేయడం మన ఇళ్లలో మామూలైపోయింది. జపాను వెళ్లివచ్చిన మనవారి ఇళ్లలో ఒక చెక్క బొమ్మో, టీ పాత్రో, పాత పోస్టుకార్డుల కట్టో తప్పక కనిపిస్తుంది. అది ఎవరి చేతి పని, ఏ కాలానిది అని అడిగితే మాత్రం "ఏదో గుడి దగ్గర సంతలో కొన్నాం" అన్న జవాబే వస్తుంది. ఆ వివరం రాసిపెట్టుకోనివారు సగం వస్తువునే ఇంటికి తెచ్చుకున్నారని నా దృఢాభిప్రాయం.

ఆ "ఏదో గుడి" క్యోటోలోని తోజి అయి ఉండవచ్చు. అక్కడ ప్రతి నెలా 21వ తేదీన సంత జరుగుతుంది. షింగోన్ బౌద్ధ శాఖను స్థాపించిన కూకై 835వ సంవత్సరం మూడో నెల 21న కన్నుమూశాడు. ఆయన స్మరణకు నెలనెలా జనం చేరే ఆచారమే ఈ సంతకు మూలం. అదే నగరంలోని కితానో తెన్మాంగు ఆలయ సంత 25వ తేదీది. కనుక గుడి పేరు మరిచినా, కొన్న తేదీ ఒక్కటి రాసుకున్నవారికి సంత ఏదో తరవాతైనా తెలుసుకునే వీలుంటుంది.

అసలు విషయం వస్తువు మీదే చాలావరకు రాసి ఉంటుంది, తిరగేసి చూసే ఓపిక మనకు ఉండాలి. అమెరికాకు వచ్చే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టం నిర్దేశించింది. అందుచేత 1891 నుంచి జపాను పింగాణీ అడుగున "నిప్పన్" (జపాను భాషలో ఆ దేశం పేరు) అన్న ముద్ర కనిపిస్తుంది. 1921లో అమెరికా అధికారులు దానిని కాదని "జపాన్" అనే ఉండాలన్నారు. యుద్ధంలో ఓడిన జపాను మిత్రరాజ్యాల సేనల ఆధీనంలో ఉండగా, 1947 నుంచి 1952 వరకు ఎగుమతైన వస్తువులలో చాలావాటి మీద "మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్" అని వేశారు. అరచేతిలో ఇమిడే ఒక కాఫీ కప్పు అడుగున ఎర్రటి అక్షరాలలో ఆ నాలుగు మాటలు చదివినప్పుడు, ఓడిన దేశంలో ఎవరో కార్మికుడు తన దేశం పరాధీనంలో ఉందని కప్పు తరవాత కప్పు మీద అచ్చువేస్తూ కూర్చున్న దృశ్యం నా మనసును కలచివేస్తుంది. ఈ ముద్రకు గిరాకీ ఉండటంతో నకిలీలు కూడా పుట్టుకొచ్చాయి. గోళ్ల రంగు తుడిచే ద్రవంతో రుద్దినప్పుడు ముద్ర చెరిగిపోతే, అది మెరుగుపూత మీద తరవాత వేసినదని అనుమానించాలి.

చెక్క బొమ్మల సంగతి మరోలా ఉంటుంది. జపాను ఈశాన్యాన ఉన్న తోహోకు ప్రాంతపు వేడినీటి బుగ్గల ఊళ్లలో, స్నానాలకు వచ్చినవారు కొనుక్కుపోవడానికి చేసిన బొమ్మలే కొకేషీలు. వాటికి చేతులూ కాళ్లూ ఉండవు. మియాగి జిల్లాలోని నరుకో బొమ్మ తల పట్టుకుని తిప్పితే కీచుమంటుంది, ఒంటి మీద చేమంతులు ఉంటాయి. సంప్రదాయ బొమ్మ అడుగున చేసినవాడు సిరాతో తన పేరు రాస్తాడు. ధర చీటీని గోటితో గీకితే ఆ సంతకం కూడా లేచిపోవచ్చు; చీటీని అలాగే ఉంచడం మేలు. ఎండ తగిలే కిటికీలో పెడితే ఎరుపు రంగు వెలిసిపోతుంది కాబట్టి నీడపట్టున ఉంచాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి రైలు ప్రయాణికులకు టీ అమ్మిన చిన్న మట్టి పాత్రలు. మూత తీసి తిరగేస్తే అదే కప్పు. కొన్నిటి మీద స్టేషను పేరు కూడా ఉంటుంది. యుద్ధం తరవాత ప్లాస్టిక్ వచ్చి వీటిని తోసేసింది. తాగి పారేసేందుకు చేసిన సరుకు కనుక ఎవరూ దాచలేదు. టోక్యోలో పాత షింబాషి స్టేషను ఉండిన షియోదోమె స్థలంలో జరిపిన తవ్వకాలలో ఇటువంటివి బయటపడ్డాయి. కొత్తగా తళతళలాడే జ్ఞాపికను చూపి "జపాను నుంచి తెచ్చాం" అని చెప్పుకోవడం కంటే, అంచు చిట్లిన ఇలాంటి పాత్ర ఒక్కటి తెచ్చుకోవడమే నాకు గౌరవంగా తోస్తుంది, ఎందుకంటే దానిలో ఎవరో ఎక్కడికో వెళ్తూ టీ తాగారు.

పోస్టుకార్డులు కొన్నవారు బొమ్మ లేని వెనుకవైపున చిరునామాకూ సందేశానికీ మధ్య ఉన్న గీతను చూడాలి. సందేశానికి మూడోవంతు చోటు వదిలిన కార్డు 1907కూ 1918కీ మధ్య పద్ధతిది. సగం చోటు వదిలినది ఆ తరవాతి కాలానిది.

ఇవన్నీ రాయడానికి పెద్ద పుస్తకం అక్కరలేదు. కొన్న ఊరు, తేదీ, ఇచ్చిన యెన్‌లు, అమ్మినవారు చెప్పిన మాట, అడుగున ఉన్న ముద్ర ఫొటో, ఇంతే. కాగితాన్ని వస్తువుకు అతికించకుండా పక్కనే కవరులో పెట్టాలి, జిగురు పాత పూతను పాడుచేస్తుంది. మన పిల్లలు రేపు ఈ ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు వివరం లేని బొమ్మను దానాల పెట్టెలో వేస్తే తప్పు వారిది కాదు. మన సంఘం వార్షికోత్సవంలో ఈసారి ఒక బల్ల కేటాయించి, సభ్యులు ఒక్కొక్క పాత వస్తువునూ, దాని గురించి తెలుగులో రాసిన అరపేజీనీ తెచ్చిపెట్టేలా ఏర్పాటు చేయవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. పిల్లలను దూరం నుంచి చూడమనకుండా, పెద్దల పక్కన నిలబడి చేతిలోకి తీసుకుని తిరగేసి చూడనివ్వాలని కూడా నా మనవి.