ఇచిరోను కాపాడింది రెండో జట్టే

జపాన్ బేస్‌బాల్ దిగ్గజం ఇచిరో సుజుకి తొలినాళ్ల కథ ఎవరు చెప్పినా ఇద్దరు మేనేజర్లతోనే, అంటే జట్టును నడిపే ప్రధాన శిక్షకులతోనే, ముగిసిపోతుంది. ఆ కుర్రాడిని గుర్తించని షోజో దోయి ఒకరు, గుర్తించిన అకిరా ఓగి మరొకరు. 1993 దాకా చీకటి, 1994 నుంచి వెలుగు. 2025లో 394 ఓట్లకు 393 తెచ్చుకుని అమెరికా బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అడుగుపెట్టినప్పుడు కూడా ఈ కథే మళ్లీ చక్కర్లు కొట్టింది. ఇందులో ఉండాల్సిన మనిషే లేడని నా అభ్యంతరం. ఆయన పేరు కెనిచిరో కవమురా. ఇచిరో ఆడిన జపాన్ జట్టు ఓరిక్స్ బ్లూవేవ్‌కు, కుర్రాళ్లు రాటుదేలే రెండో జట్టులో బ్యాటింగ్ కోచ్.

1991 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, ఓరిక్స్ ఇచిరోను తీసుకున్నది నాలుగో రౌండ్‌లో. హైస్కూల్లో పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు), ఒళ్లు సన్నం. అలాంటివాడిని ఔట్‌ఫీల్డర్‌గా మలచుకోవడం వరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా బ్యాటింగ్ దగ్గరే. ఎడమచేతి వాటం బ్యాటర్ అయిన ఇచిరో, పిచ్చర్ బంతి వదిలే వేళకు కుడికాలు ఎత్తి, లోలకంలా వెనక్కి ఊపి ముందుకు వేసేవాడు. ఒంటి బరువంతా ఆ కాలితోపాటే పిచ్చర్ వైపు వెళ్లిపోయేది. బరువును వెనక కాలి మీద ఆపుకుని నడుం తిప్పి కొట్టాలన్నది అప్పటి శిక్షకులకు వేదవాక్కు. దోయి చిన్నాచితకా మనిషి కాదు. 1965 నుంచి 1973 వరకు వరుసగా తొమ్మిదిసార్లు జపాన్ సిరీస్ గెలిచిన యొమియురి జెయింట్స్‌లో సెకండ్ బేస్ ఆడినవాడు. తన కళ్లముందు గెలిచిన పద్ధతి ఒకటుండగా, పద్దెనిమిదేళ్ల కుర్రాడి కాలి ఊపు ఆయనకు నచ్చలేదు.

ఇక్కడ అంకెలు నిదానంగా చూడాలి. 1992లో, ప్రొఫెషనల్‌గా మొదటి ఏడాదే, రెండో జట్లు ఆడే వెస్టర్న్ లీగ్‌లో ఇచిరో 0.366 సగటుతో (వెయ్యి ఎట్-బ్యాట్లకు, అంటే లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశాలకు, 366 హిట్లు; హిట్ అంటే బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరడం) బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు. అదే ఏడాది మొదటి జట్టుకు 40 మ్యాచ్‌లు ఆడి 0.253 కొట్టాడు. 1993లో 43 మ్యాచ్‌లు, 64 ఎట్-బ్యాట్లు, 12 హిట్లు, సగటు 0.188. ఈ చివరి అంకెను చూపించి ‘అప్పటికి ఇంకా సిద్ధం కాలేదు’ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 43 మ్యాచ్‌ల్లో 64 అంటే మ్యాచ్‌కు ఒకటిన్నర. లైనప్‌లో ముందు ఆడే బ్యాటర్‌కు మ్యాచ్‌కు నాలుగైనా దొరుకుతాయి. చివర్లో బదులు ఆటగాడిగా దింపి, లయ అందేలోపు మళ్లీ బెంచి మీద కూర్చోబెట్టి, ఆ తర్వాత సగటు చూసి తీర్పు చెప్పారు. అది కుర్రాడి సామర్థ్యానికి కొలత కాదు, అతన్ని వాడిన తీరుకు కొలత. ఆ 12 హిట్లలోనే 1993 జూన్ 12న నగావోకాలో కొట్టిన తొలి హోమ్ రన్ ఉంది. బంతి వేసింది సాక్షాత్తూ పేరుమోసిన పిచ్చర్ హిదేవో నోమో.

దోయి తరఫున చెప్పే మాట ఒకటుంది. కుర్రాణ్ని తొందరపెట్టలేదు, కింది జట్టులో రాటుదేలనిచ్చాడు, 1994 విజయం ఆ ఓపిక ఫలమే అంటారు. సగం నిజం. కింది జట్టు మేలు చేసింది. కానీ పంపినవాడు ఆశించిన మేలు వేరు: ఆ ఊపు మానుకుని రావాలి. అక్కడున్న కవమురా ఆ ఊపును తీసేయకుండా, ఇచిరోతో కలిసి దానికే మెరుగులు దిద్దాడు. కాలు ఎప్పుడు లేవాలి, ఎప్పుడు నేల తాకాలి, బరువు ముందుకు కదిలినా చేతులు ఎంతసేపు వెనకే ఆగాలి అన్నవి వేలసార్లు చేస్తే తప్ప ఒంటబట్టవు. సంస్కరణకని పంపిన చోట కుర్రాడి సొంత పద్ధతికి సాన పట్టారు. ఆ ఘనతను దోయి ఖాతాలో వేయడం నాకు మింగుడుపడదు.

ఓగి గొప్పతనాన్ని కాదనను. అంతకుముందు కింటెట్సు జట్టులో నోమో వీపు బ్యాటర్‌కు కనిపించేంతగా మెలితిరిగి బంతి విసురుతుంటే, దాన్ని ముట్టుకోని మేనేజర్ ఆయనే. 1994లో ఓరిక్స్‌కు వచ్చి ఇచిరోకు రోజూ చోటిచ్చాడు. జపాన్‌లో వీధికొక సుజుకి ఉంటాడు కాబట్టి జెర్సీ మీద ఇంటిపేరు తీయించి ‘ఇచిరో’ అని రాయించాడు. 130 మ్యాచ్‌లు, 546 ఎట్-బ్యాట్లు, 210 హిట్లు, 0.385. జపాన్ ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో ఒక సీజన్‌లో 200 హిట్లు దాటడం అదే మొదలు. అప్పటినుంచి 2000 దాకా ఏడేళ్లూ బ్యాటింగ్ టైటిల్ అతనిదే. కానీ ఓగి చేతికి వచ్చింది తయారైన ఆటగాడు. తలుపు తెరిచినవాణ్ని పొగుడుతూ, అప్పటిదాకా కుర్రాణ్ని చెడకుండా కాచినవాణ్ని మరిచిపోతున్నాం.

ఈ మరుపు మనకూ కొత్తది కాదు. వి.వి.ఎస్. లక్ష్మణ్‌ను భారత జట్టు ఏళ్లతరబడి ఓపెనర్‌గా నిలబెట్టింది. 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనర్‌గా 167 కొట్టాక కూడా ఇక ఓపెనింగ్ చేయనని ఆయన తేల్చి చెప్పాడు. ఆ మాట అనగలిగే ధైర్యం ఊరికే రాలేదు. వెనక హైదరాబాద్ రంజీ జట్టుంది, అక్కడ తనకు నప్పిన చోటుంది. ఆ 1999-2000 రంజీ సీజన్‌లో 1,415 పరుగులు చేశాడు. మరుసటి ఏడాది మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో మూడో స్థానంలో 281. సరిగ్గా నెల తిరగకముందే ఇచిరో అమెరికా జట్టు సియాటిల్ మెరైనర్స్‌కు తొలి మ్యాచ్ ఆడాడు. ఆ ఏడాదే 242 హిట్లు, రూకీ ఆఫ్ ది ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు), ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు). సియాటిల్ పక్కనున్న రెడ్మండ్, బెల్‌వ్యూల్లో ఇల్లు కట్టుకున్న మన తెలుగువాళ్లకు ఆ పేరు ఇంట్లో పేరే.

ఇద్దరికీ పై జట్టు ‘నువ్విలా మారు’ అన్నప్పుడు ఉన్నది ఉన్నట్టుగా ఆడుకోవడానికి కింద ఒక చోటు దొరికింది. మన క్రీడా వ్యవస్థలో అన్నిటికన్నా అలుసైపోయింది ఆ చోటే. ఐపీఎల్ వేలంలో పలికిన ధర చెప్పమంటే పిల్లలు కూడా టకటకా చెబుతారు. హైదరాబాద్, ఆంధ్ర రంజీ జట్లకు బ్యాటింగ్ నేర్పుతున్నది ఎవరని అడగండి. ఆ కోచ్‌కు ఎన్నేళ్ల ఒప్పందం ఇచ్చారు, సీజన్ ఒకటి పోతే కొనసాగిస్తారా, తేడాగా ఆడే పద్దెనిమిదేళ్ల కుర్రాడి వెనక నిలబడే అధికారం ఆయనకు ఉందా అని మన రెండు క్రికెట్ సంఘాలను ఏటా నిలదీయాలి. సెలెక్షన్ జాబితా వచ్చిన రోజున పేర్లు లెక్కపెట్టుకుని గొడవపడటం కన్నా ఈ గొడవ చాలా అవసరం.