పశువుల ఎరువుకు రాయితీ ఏదీ?

2025 వానాకాలంలో తెలంగాణ రైతులు యూరియా కోసం సొసైటీల ముందు చెప్పులు వరుసలో పెట్టి కాచుకున్నారు. బస్తా దొరక్కపోతే పైరు దెబ్బతింటుందన్న వారి భయం నిజమైనదే. సేద్యమంతా ఆ ఒక్క బస్తా మీదకు వచ్చి నిలబడటానికి మాత్రం మన ధరల విధానమే కారణం.

ఏళ్ల తరబడి ఒకే ఎరువు వేస్తే ఏమవుతుందో తెలియక కాదు. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1970 దశకం మొదట్లోనే దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలు చేపట్టింది. ఒక్కో మడికి ఒక్కో మోతాదు, ఏటా మార్పు లేకుండా. తొలి కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి. జగిత్యాల తర్వాత చేరింది. హిమాచల్‌లోని పాలంపూర్ ఆమ్ల నేలలో యూరియా ఇచ్చే పోషకమైన నత్రజని ఒక్కటే వేస్తూ పోయిన మడిలో మొక్కజొన్న, గోధుమ దిగుబడి చివరికి సున్నాకు పడిపోయింది. నత్రజని, భాస్వరం, పొటాష్‌లకు తోడు పశువుల ఎరువూ పడిన మడి మాత్రం పండుతూనే ఉంది. మన నల్లరేగడిలో ఇంత దెబ్బ కంటికి కనిపించదు. ఇక్కడ జింక్ తగ్గి వరి ఆకు మీద తుప్పు మచ్చలు పడతాయి, దుక్కి గట్టిపడుతుంది, అదే దిగుబడికి ఇంకో బస్తా కావాల్సి వస్తుంది.

పెంట బలం ఎన్నాళ్లు నిలుస్తుందో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో తేలింది. అక్కడ ఒక బార్లీ మడికి 1852 నుంచి 1871 వరకు పశువుల ఎరువు వేసి ఆపేశారు. వందేళ్లు దాటాక కూడా, ఎన్నడూ ఎరువు ఎరగని మడి కంటే అందులో పంట మెరుగ్గానే వచ్చింది.

అలాగని రసాయన ఎరువులను రాత్రికి రాత్రి మానెయ్యమనడం రైతుకు ద్రోహం. 2021లో శ్రీలంక ఆ పనే చేసి, వరి దిగుబడి పోగొట్టుకుని, కొన్ని నెలలకే వెనక్కి తగ్గింది. లెక్క కూడా అదే చెబుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 21 కిలోల నత్రజని ఉంటుంది. మాగిన పశువుల ఎరువులో నత్రజని అర శాతమే గనుక, అంత అందాలంటే నాలుగు టన్నులు తోలాలి. ఇంట్లో గొడ్డు లేని రైతు దాన్ని కొనాలి, ట్రాక్టర్ కిరాయి కట్టాలి, చల్లడానికి కూలీలను పెట్టాలి. ఈ ఖర్చులో ప్రభుత్వం పంచుకునేది దాదాపు ఏమీ లేదు.

రెండూ కలిపి వాడాలని ప్రయోగాలు అంటుంటే, ధరలు రైతును ఒకవైపే నెడుతున్నాయి. 2010లో పోషకాల ఆధారిత రాయితీ, అంటే ఎరువులోని పోషకాల మోతాదును బట్టి ఇచ్చే రాయితీ, తెచ్చినప్పుడు యూరియాను అందులోంచి తప్పించారు. ఇవాళ యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు, భాస్వరం ఎక్కువగా ఉండే డీఏపీ బస్తా 1,350. చేతిలో డబ్బు ఆడని రైతు దేనికి చెయ్యి చాస్తాడో ఊహించడం కష్టమేమీ కాదు. భూసార కార్డు చేతిలో పెట్టి సమతుల్యం పాటించమంటే సరిపోదు.

యూరియా ధర ఒక్కసారిగా పెంచమని మేము అడగడం లేదు. ఆ భారం కౌలు రైతు మీదే ముందు పడుతుంది. యూరియా రాయితీలో కొంత భాగాన్ని ఎకరా లెక్కన పెంట తోలకానికి, ఎరువు కోసం పొలంలో గొర్రెల మంద కట్టించడానికి నేరుగా ఇవ్వాలి, కౌలు రైతులకు కూడా. పచ్చిరొట్ట ఎరువుగా దున్నే జీలుగ, జనుము విత్తనాలు తొలకరికి ముందే ఊరికి చేరాలి. నాట్లు దగ్గరపడ్డాక వస్తే వాటిని పూతకు పెంచి కలియదున్నే వ్యవధి ఉండదు. వచ్చే బడ్జెట్లలో కేంద్రం, రెండు తెలుగు రాష్ట్రాలు ఇందుకు విడిగా నిధులు చూపాలి.