డైరీలోని ‘తల్లిదండ్రుల సంతకం’ గడి గారికి

మహారాజశ్రీ స్కూలు డైరీ కుడివైపు చివరి గడి గారికి,

ఉభయ కుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మా ఒకటో తరగతి పిల్లాడి తెలుగు వాచకం అట్ట ఊడినా క్షేమమే. మీరైతే సంతకాలతో కళకళలాడుతున్నారు. దిష్టి తగలకుండా చూసుకోండి.

‘నేటి పాఠం ఇంట్లో చదివించాము’ అని మీ నెత్తిన అచ్చేసి ఉంటుంది. ఎంత గొప్ప ఏర్పాటండీ! పిల్లాడు చదివాడో లేదో తండ్రి సంతకం చూస్తే తేలిపోతుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారం రాత్రి మీకు జరిగే సేవ చూసి తీరాలి. వారం మొత్తానికి ఒకేసారి సంతకాలు. అనుమానం రాకుండా సోమవారానికి నీలం పెన్ను, మంగళవారానికి నలుపు, బుధవారం అమ్మ చేత. గురువారం మాత్రం ఆఫీసు తొందరలో పెట్టినట్టు కాస్త వంకరగా.

నిజంగా చదివించే ఇళ్లలో వ్యవహారం ఇంకా బాగుంటుంది. నాన్న ఫోన్‌లోంచి తలెత్తకుండా ‘ఊఁ, కానీ’ అంటాడు. పిల్లాడు వేలు పెట్టి పాఠం గడగడా అప్పజెప్పేస్తాడు. నోరు నాలుగో లైన్లో, వేలు రెండో లైన్లో. పేజీ మాత్రం సరైన చోటే తిప్పుతాడు. మధ్యలో ‘మబ్బు’ చూపించి ఇదేంటని అడిగామా, మొదటి లైను నుంచి పరుగెత్తుకొస్తే తప్ప వాడికి మబ్బు దొరకదు. మీ లెక్కలో వాడు చదివేశాడు.

మొన్న మా అత్తగారూ, నేనూ, వాడూ ఆటోలో వస్తుంటే ఒక గోడ పక్కన సిగ్నల్ పడింది. వాడు ఒక్కో అక్షరం కూడబలుక్కుని, ‘త్ర’ దగ్గర కాసేపు తంటాలు పడి, చుట్టుపక్కల బళ్లన్నిటికీ వినబడేలా చదివాడు: ‘ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు.’ అత్తగారు ‘భేష్ రా నాన్నా! విసర్జన అంటే ఏంటో చెప్పు’ అన్నారు. ఇల్లు చేరేదాకా టులెట్ బోర్డులు, టిఫిన్ సెంటర్ ధరలు, బస్సు మీద దిల్‌సుఖ్‌నగర్ అన్నీ చదివించారు. వాడు తడబడితే తిట్టలేదు, ముందే చెప్పేయలేదు, తేల్చుకునేదాకా ఆగారు. (ఇదే అత్తగారు మా ఆయన్ని చదివించేటప్పుడు స్కేలు పట్టుకుని కూర్చునేవారట. మనవలంటే వేరే లెక్క.)

చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు వచ్చేలా చూడాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం ప్రకారం ఒకటో తరగతి అయ్యేసరికి పిల్లలు, అంతకుముందు చూడని పాఠంలోంచి నాలుగైదు తేలిక మాటల చిన్న వాక్యాలు చదవగలగాలి. మూడో తరగతికి నిమిషానికి కనీసం 60 మాటలు, అదీ అర్థం చేసుకుంటూ. గోడ మీదవి లెక్కపెట్టి 4 మాటలు. తేలికవి కూడా కావు. వాచకంలో లేవు కాబట్టి బట్టీ పట్టే వీలూ లేదు. ఢిల్లీ అడిగింది మా వాడు సిగ్నల్ దగ్గరే ఇచ్చేశాడు. ‘అర్థం చేసుకుంటూ’ అన్న షరతు గట్టిగా పట్టుకుంటే మాత్రం ఆ గోడ దగ్గర ఆగే పెద్దమనుషులెవరూ మూడో తరగతి దాటరు.

ఇంతా చేసి రాత్రి డైరీ తెరిస్తే దీనికి మీ దగ్గర చోటే లేదు. మీకు పాఠం పేరు, పేజీ నంబరు కావాలి. గోడకి పేజీ నంబరు ఎక్కణ్ణుంచి తేను?

టీచరుగారిని ఏమీ అనను. ప్రార్థన గంట కొట్టేలోపు 40 డైరీల్లో మీ పక్కగడి ఆవిడ నింపాలి. ఒక్కో పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రెండు లైన్లు చదివించుకునే టైమంతా మీరే మింగేస్తున్నారు. మేం చూడకుండా పెట్టిన సంతకానికి ఆవిడ చూడకుండా పెట్టే సంతకం సాక్షి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో కూడా ఇంత పకడ్బందీ ఉండదు.

కాబట్టి చివరిగా ఒక మనవి. మీ మీద ‘తల్లి/తండ్రి’ అని మాత్రమే ఉంది. దాని పక్కన ఒక గీత గీసి ‘నానమ్మ’ అని చేర్చండి. ఆవిడ తెలుగులో, గుండ్రంగా, పూర్తి పేరుతో సంతకం పెడతారు. ‘ఈరోజు చదివినది’ అన్న చోట ‘మూత్ర విసర్జన’ అని రాస్తే మిస్ ఏమీ అనుకోరు కదా? కాస్త కనుక్కుని చెప్పండి.

ఇట్లు,
ఒకటో తరగతి పిల్లాడి తల్లి