కోటా మించిన నేరానికి శిక్షాస్మృతి

ఫైల్ సర్వర్‌లో చోటు అయిపోయిందని గగ్గోలు పెట్టేవాళ్లను చూస్తే జాలేస్తుంది. మనుషులకు డిస్కు ఇస్తే నింపుతారని పెద్దలు ముందే గ్రహించారు. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలోనే, ఒక్కో యూజర్ ఎంత డిస్కు వాడొచ్చో గీత గీసే కోటా అనే న్యాయస్థానాన్ని నెలకొల్పారు. నాటి నుంచి అది తీర్పులు ఇస్తూనే ఉంది. ముద్దాయికి నేరం ఏమిటో చెప్పే అలవాటు మాత్రం దానికి అంతగా లేదు.

దాని కరుణ సంగతి ముందు చెప్పుకోవాలి. సాఫ్ట్ లిమిట్ అనే మొదటి గీత దాటగానే శిక్ష వేయదు, గడువు ఇస్తుంది. లైనక్స్‌లో ఎవరూ మార్చకపోతే ఏడు రోజులు. హార్డ్ లిమిట్ అనే దాటరాని గీత తగలనంతవరకు ఆ వారమంతా మీరు హాయిగా రాసుకుంటూనే ఉంటారు. ఎనిమిదో రోజు సాఫ్ట్ లిమిట్టే హార్డ్ లిమిట్టై కూర్చుంటుంది, కొత్తగా ఒక్క బ్లాకు చోటు కూడా ఇవ్వదు. మరి ముందే హెచ్చరించాలి కదా అంటారా? హెచ్చరిక మెయిల్ పంపే ఏర్పాటు ఉంది. మీ మెయిల్‌బాక్సు కూడా అదే డిస్కు మీద ఉంటే ఆ మెయిల్‌కూ చోటుండదు. చట్టం ముందు అందరూ సమానులే.

తీర్పు వెలువడే తీరు మరీ గంభీరం. పాస్‌వర్డ్ సరిగ్గానే కొడతారు, స్క్రీన్ ఒక్కసారి మిణుక్కుమని మళ్లీ లాగిన్ పేజీకే వస్తుంది. మీ సొంత ఫోల్డరైన హోమ్ డైరెక్టరీలో, డెస్క్‌టాప్ తెరుచుకోవడానికి కావాల్సిన ఎక్స్‌అథారిటీ అనే బుల్లి ఫైలు రాయడానికి చోటు లేకపోవడమే కారణం. ఆ మాట ఎవరూ చెప్పరు కాబట్టి మీరు పాస్‌వర్డ్ మారుస్తారు, కీబోర్డును అనుమానిస్తారు, వైరస్ అని టెన్షన్ పడతారు. లాగిన్ అయినవాళ్ల అదృష్టమూ అంతంతే. సర్వర్‌లోని ఫైళ్లను నెట్‌వర్క్ మీదుగా అందించే ఎన్ఎఫ్ఎస్‌లో రాసినదంతా కాసేపు మీ మెషిన్ మెమరీలోనే ఉంటుంది. కోటా దాటిన సంగతి చాలాసార్లు ఫైలు మూసేటప్పుడు గానీ తెలియదు. మూసేటప్పుడు ఎర్రర్ వచ్చిందా అని చూసే ఓపిక చాలా ప్రోగ్రాములకు లేదు. "సేవ్ అయింది" అంటాయి. మర్నాడు తెరిస్తే సున్నా బైట్లు.

ఇక దర్యాప్తు. బుద్ధిమంతుడైన యూజర్ కోటా కమాండ్ కొడతాడు, ఏమీ రాదు. ఏమీ రాలేదంటే కోటా లేదని కాదు, సర్వర్‌లో జవాబు చెప్పాల్సిన ఆర్‌కోటాడీ అనే ప్రోగ్రాం నడవడం లేదని, లేదా మధ్యలో ఫైర్‌వాల్ దాని నోరు నొక్కిందని. అప్పుడు అడ్మిన్ గారు రంగప్రవేశం చేస్తారు. సర్వర్‌లో, డిస్కు మొత్తం ఖాళీ ఎంతో చూపే డీఎఫ్ కమాండ్ కొట్టి "బోలెడు చోటుంది" అని ప్రకటిస్తారు. డిస్కులో చోటుండటం వేరు, అందులో మీ వాటా మిగిలి ఉండటం వేరు అనే తేడా డీఎఫ్‌కు అక్కర్లేదు. అంతటితో ఆగక సర్వాధికారాలున్న రూట్ ఖాతాతో ఒక ఫైలు రాసి చూసి "నాకు బాగానే రాస్తోంది, ప్రాబ్లం మీ వైపే" అని తేలుస్తారు. రూట్‌కు కోటా వర్తించదు. న్యాయమూర్తి మీద కేసు నడపకూడదు కదా!

మీరు ఫోల్డర్ సైజు లెక్కకట్టే డీయూ కమాండ్‌తో హోమ్ మొత్తం కొలుస్తారు. కోటా లెక్కలో సగం కూడా తేలదు. ఎందుకంటే కోటా చూసేది ఫోల్డర్‌ను కాదు, ఫైలు యజమానికి సిస్టం ఇచ్చిన యూఐడీ నంబరును. ఆ డిస్కులో ఏ మూల ఫైలున్నా దాని మీద మీ నంబరుంటే ఖర్చు మీదే. ఉద్యోగం మానేసి వెళ్లిన మహానుభావుడి నంబరు మీకు కేటాయించి ఉంటే ఆయన వదిలేసిన ఫైళ్లకూ మీరే వారసులు. సైజు అంతా సక్రమంగా ఉన్నా నేరం రుజువు కావచ్చు, ఎందుకంటే ఫైళ్ల సంఖ్యకు వేరే పరిమితి ఉంది. బ్రౌజర్ కాషే వేలకొద్దీ చిట్టి ఫైళ్లతో ఆ పని మౌనంగా చేసి పెడుతుంది.

సరే, తీసేద్దామంటారు. ట్రాష్‌లో పడేస్తే లెక్కలో పైసా తగ్గదు, పేరుకు అడ్రస్ మారుతుందంతే. పూర్తిగా డిలీట్ చేసినా, ఏదో ప్రోగ్రాం ఆ ఫైలును తెరిచి ఉంచితే ఎన్ఎఫ్ఎస్ దాన్ని చంపదు. చుక్కతో మొదలయ్యే ఎన్ఎఫ్ఎస్ పేరు పెట్టి అదే ఫోల్డర్‌లో దాచిపెడుతుంది, ఆ ప్రోగ్రాం మూసేదాకా మీ ఖాతాలోనే. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టంలో స్నాప్‌షాట్లు (పాత స్థితిని పట్టి ఉంచే నకళ్లు) కూడా కోటాలోకి వచ్చేలా పెట్టి ఉంటే ఎంత తీసినా అంకె కదలదు. నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం కూడా ఇక్కడే. ఒక్కోసారి డిలీట్ కమాండ్‌కే "డిస్క్ కోటా ఎక్సీడెడ్" అని జవాబొస్తుంది. చెరిపేసిన సంగతి రాసుకోవడానికి కూడా దానికి కాస్త కొత్త చోటు కావాలి మరి. ముందు ఏదైనా ఫైలును ఖాళీ చేసి, తర్వాత దాన్ని తీసేయాలని తెలిసినవాళ్లు చెబుతారు. తెలియనివాళ్లు రీస్టార్ట్ చేయమంటారు.

ఇంత విచారణ అయ్యాక అడ్మిన్ గారు లిమిట్లు మార్చే ఎడ్‌కోటా కమాండ్ తెరిచి మీ లిమిట్ చివర ఒక సున్నా చేరుస్తారు. టికెట్ మూసేస్తూ కారణం అన్న గడిలో "యూజర్ ఎర్రర్" అని నింపుతారు.