ఆరోసారి చిగురించిన ఆశలు

నగరంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి కొత్త ఉపకులపతి వచ్చారు, ఆశలు చిగురించాయి. ఇందులో రెండో మాట నాది కాదు, విశ్వవిద్యాలయం విడుదల చేసిన ప్రకటనది. పాత ప్రకటనలను దాచుకునే దురలవాటు ఉండటం వల్ల, ఇంతకుముందు ఐదుగురు పదవిలోకి వచ్చినప్పుడు కూడా అక్కడి ఆశలు అక్షరం పొల్లుపోకుండా ఇలాగే చిగురించాయని రూఢి చేసుకోగలిగాను. ఇన్నిసార్లు చిగురించి ఒక్కసారైనా మొగ్గ తొడగని ఈ మొక్క ఏ జాతిదో కనుక్కుందామని వృక్షశాస్త్ర విభాగానికి వెళితే, ఆచార్యుల వారి కుర్చీ ఖాళీగా కనిపించింది. ఆయన పదవీ విరమణ చేసిన నాటి నుంచి ఆ పోస్టును భర్తీ చేయలేదట.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు దొరికే ఎరువుల్లో అన్నిటికన్నా చవకైనది నాయకత్వ మార్పు. పైకప్పు బాగుచేయాలంటే డబ్బు కావాలి. అధ్యాపకులను నియమించాలంటే డబ్బూ కావాలి, అనుమతీ కావాలి. మనిషిని మార్చడానికి మాత్రం ఒక ఉత్తర్వు, ఒక ఫొటో చాలు. ఆ ఫొటోలో కొత్తవారు చేతులు కట్టుకుని, కాస్త పక్కకు తిరిగి, భవిష్యత్తు అటువైపు ఉండవచ్చునని ఎవరో చెప్పిన దిక్కుకేసి చూస్తుంటారు.

వీరు చేపట్టిన మొదటి కార్యక్రమం ‘అందరి మాటా ఆలకించే సభ’. సభామందిరం ఐదో అంతస్తులో ఉంది. లిఫ్టు తలుపు మీద ‘మరమ్మతులో ఉంది, త్వరలో పునఃప్రారంభం’ అన్న కాగితం ఉంటుంది. అది పసుపుబారినప్పుడల్లా కొత్త కాగితం అంటిస్తారు కాబట్టి నిర్వహణ జరగడం లేదని ఎవరూ అనడానికి వీల్లేదు. ఉపకులపతి గారు మెట్లన్నీ ఎక్కి, ఆయాసం తీర్చుకుని, ఉన్నత విద్య అంటే ఏమిటో తమకు ఇప్పుడే అనుభవంలోకి వచ్చిందని చమత్కరించారు. చక్రాల కుర్చీతో కింది అంతస్తులోనే ఉండిపోయిన విద్యార్థికి ఆ చమత్కారం వినబడలేదు.

సభను నడిపించడానికి రప్పించిన సలహాదారు మనిషికి మూడు రంగుల చీటీలు పంచిపెట్టాడు. పచ్చ చీటీ మీద కలలు, పసుపు చీటీ మీద బలాలు, గులాబీ చీటీ మీద అవకాశాలు రాసి గోడకు అంటించాలన్నాడు. సమస్యలు ఏ రంగు చీటీ మీద రాయాలని ఒక ముసలి గుమాస్తా లేచి అడిగాడు. సమస్యలనే ఇప్పుడు అవకాశాలంటున్నామని సలహాదారు ఓపికగా వివరించాడు. గుమాస్తా కాసేపు ఆలోచించి, అలాగైతే మనకున్నన్ని అవకాశాలు మరే విశ్వవిద్యాలయానికీ ఉండవని ఒప్పుకుని, ఇంకో కట్ట గులాబీ చీటీలు పంపమన్నాడు. గంట గడిచేసరికి గోడలో మూడొంతులు గులాబీ రంగుకు తిరిగింది. ఇంత ఆశావహమైన గోడను తన వృత్తి జీవితంలో చూడలేదంటూ సలహాదారు దాన్ని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాడు.

సాయంత్రం తరగతులు చెప్పే ఒకావిడ నా పక్కనే కూర్చుని రాశారు కనుక ఆమె చీటీ నా కంటబడింది: ‘వచ్చే సెమిస్టరులో నాకు పని ఉంటుందా?’ సలహాదారు దాన్ని గోడ మీంచి ఒలిచి, కలల వరుసలోకి మార్చాడు.

అది కల ఎలా అవుతుందయ్యా? ఆవిడ పన్నెండేళ్లుగా గంటల లెక్కన జీతం తీసుకుంటూ, పగలంతా ఎక్కడో కూలీనాలీ చేసుకుని వచ్చే పిల్లలకు రాత్రి తొమ్మిది దాకా లెక్కలు చెబుతోంది. సెలవుల్లో జీతం లేదు. కూర్చోవడానికి గది లేదు. జవాబుపత్రాలు సంచిలో వేసుకుని బస్సులో దిద్దుకుంటుంది. విశ్వవిద్యాలయం నిలబడి ఉన్నది ఆ సంచి మీద! ఆమె అడిగినదానికి అవుననో కాదనో ఒక్క మాట చెప్పలేనివారు దూరదృష్టి గురించి గంటసేపు ప్రసంగించడం సిగ్గుమాలినతనం.

న్యూయార్కులో 1847లో ఫ్రీ అకాడమీ పేరుతో పుట్టి తరువాత సిటీ కాలేజీగా మారిన సంస్థ, నగరంలోని పేదపిల్లలకు తరాల తరబడి ఫీజు లేకుండా చదువు చెప్పింది. నగర ఖజానా దివాలా అంచుకు చేరినప్పుడు, 1976లో, ఫీజు మొదలైంది. ఆ నూట ఇరవై తొమ్మిదేళ్లలో ఎందరు అధ్యక్షులు మారినా తలుపు తెరిచి ఉన్నది ఖజానా వల్ల, మూతపడటం మొదలైందీ ఖజానా వల్లే. చిగుళ్లు ఎటు తిరిగినా వేళ్లకు నీళ్లు పోసేవాడు ఖజానా దగ్గరే ఉంటాడు.

నాయకుల వల్ల ఏమీ కాదని నేననను. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయిన కట్టమంచి రామలింగారెడ్డి, 1930లో బ్రిటిషు ప్రభుత్వ దమననీతికి నిరసనగా రాజీనామా ఇచ్చారు. 1936లో మళ్లీ అదే పదవిలోకి వచ్చారు. రాజీనామా అనే పనిముట్టు ఒకటుందన్న సంగతి ఇప్పటివారూ మరచిపోలేదు. ఇంతకన్నా పెద్ద విశ్వవిద్యాలయంలో చోటు దొరికినప్పుడు దాన్ని తప్పకుండా బయటికి తీస్తున్నారు. మా పాత ఉపకులపతులు ఐదుగురిలో ముగ్గురు అలా వెళ్లినవారే.

సభ జరిగిన రాత్రి వాన కురిసింది. ఆ మందిరం పైకప్పు సంగతి గులాబీ చీటీల్లో చాలాచోట్ల ఉంది. తెల్లవారాక పారిశుద్ధ్య సిబ్బంది తడిసి జారిపోయిన చీటీలన్నిటినీ ఊడ్చి, బకెట్లలో నింపుకుని, ఐదంతస్తులూ మెట్ల మీదుగా కిందికి మోసుకొచ్చారు. నేను అప్పుడు లిఫ్టు దగ్గరే నిలబడి ఉన్నాను. తలుపు మీద కాగితం మార్చారు. ఈసారి ‘త్వరలో’ అన్న మాట పక్కన విశ్వవిద్యాలయపు కొత్త లోగో కూడా ఉంది.